రాయి కనిపిస్తే ఆగే రాజులు

హిందూపురం బజారులో చిల్లర అంగడి గోవిందరాజులుకు ఒకటే జబ్బు. నిలువుగా ఒక రాయి కనిపిస్తే చాలు, అందులో దేవుడు కనిపిస్తాడు. కనిపించాక కర్పూరం వెలిగించందే అడుగు కదలదు. అలాంటి మనిషిని హిమాలయాల్లో ట్రెక్కింగుకు తీసుకుపోవచ్చునా? అక్కడ ఉన్నవన్నీ రాళ్లే!

అయినా తీసుకుపోయారు. బయలుదేరిన నాటి నుంచీ వాన వదలలేదు. కొండ వెన్ను మీద సన్నని దారి, అటూ ఇటూ లోయల నిండా మబ్బు. పెనుకొండ టైలరు సంజీవప్ప తల వంచుకుని నడుస్తున్నాడు. "సచ్చేలోపల మంచుకొండ ఒక్కసారి సూడల్ల" అని అడిగి అడిగి భార్య నరసక్క పోయిన ఏడాది కన్నుమూసింది. ఆమె బదులు తానైనా చూసిపోదామని వచ్చాడు. నాలుగడుగులకే ఆయాసం. చెబితే వెనక్కు పంపుతారని ఎవరికీ చెప్పలేదు.

"ఆగండప్పా, ఈడ సామి ఉండాడు!" రాజులు కేక.

"మళ్లా దొరికినాడా!" గుంపును తీసుకొచ్చిన ధర్మవరం రేఖ నెత్తి కొట్టుకుంది. "మనసులో మొక్కుకోన్నా, పోదాం."

"మనసులో మొక్కితే వరం గూడా మనసులోనే ఇస్తాడు పాపా!"

ప్రతిసారీ గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతూనే ఉండేవి. అందరూ గొణుక్కుంటూ చతికిలబడేవారు. సంజీవప్ప మాత్రం ఆ సందులో ఊపిరి కూడగట్టుకునేవాడు.

చివరి రోజు పొద్దున గైడు ఏదో గట్టిగా చెప్పాడు. రేఖ ముఖం చిన్నబుచ్చుకుంది. "వాన ముదరకముందే పైకి పోయి దిగల్లంట. బాగా వెనకబడే వాళ్లొకరు గుడారంలోనే ఉండల్లంట."

అది తానేనని సంజీవప్పకు తెలుసు. కానీ చూపులన్నీ రాజులు వైపే తిరిగాయి.

"నేనే ఉంటాలేప్పా," అన్నాడు రాజులు. "ఈడ రాళ్లు శానా ఉండాయి. నాకు పొద్దు సాలదు."

సగం ఎక్కేసరికి సంజీవప్పకు ఊపిరి అందలేదు. ఆగమనే కేక కోసం చెవులు రిక్కించాడు. అప్పుడు తట్టింది: ఇన్నాళ్లూ రాజులుకు దేవుడు కనిపించింది తనకు ఆయాసం వచ్చినప్పుడే.

"రేఖమ్మా, నాకు శాతగావడం ల్యా. రవ్వంత కూసుందాం," అన్నాడు మొదటిసారి. ఎవరూ విసుక్కోలేదు. రేఖ అతని సంచీ తాను తగిలించుకుంది.

పైకి చేరాక మబ్బు కాసేపు చీలింది. తెల్లగా, నిలువెత్తున మంచుకొండ.

"సూడు నర్సీ," అన్నాడు సంజీవప్ప మెల్లగా. మబ్బు మళ్లీ మూసుకుంది.

దిగుతుంటే కింద నుంచి ఎవరో ఫ్లాస్కు పట్టుకుని మేకపోతులా ఎగబాకి వస్తున్నారు. దారిపొడుగునా రాళ్లే, ఒక్కదానికీ చెయ్యెత్తలేదు. రాజులే! వీళ్లను చూడగానే ఠక్కున పక్క బండ ముందు కూలబడి, ఆయాసం వచ్చినట్టు మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఏమప్పా రాజులూ, కింద రాళ్లలో సామి లేడా?" అన్నాడు సంజీవప్ప.

"ఉండాడప్పా," తల ఎత్తకుండా టీ పోస్తూ అన్నాడు రాజులు. "తిరిగి పోయేటప్పుడు మొక్కుతానని చెప్పొచ్చినా."