నాలుగో వత్తి

నేను పళ్ళ డాక్టరును. నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలో వేళ్ళు పెట్టి బతికాను. దయ్యమన్నా, గాలి సోకిందన్నా నవ్వేవాణ్ణి. మా ఇంట్లో ఎవరికో జ్వరమొస్తే దిష్టి తీయడానికి వేపమండలు తెచ్చారు. వాటిని లాక్కుని మేకకు వేసి మా అవ్వతో తిట్లు తిన్నాను. ఇప్పటికీ అమావాస్యనాడు బొందలగడ్డ పక్క నుంచి ఒక్కణ్ణే నడిచి పొమ్మన్నా పోతాను. కనుక ఇది చదివి ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకునేవాళ్ళు అనుకోండి, నాకేం నష్టం లేదు. చూసింది మాత్రం మార్చి చెప్పను.

నందికొండ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి. నల్లగొండలో బస్సులు ఆగే చోటికి దగ్గరగా ఒక గది కిరాయికి తీసుకుని దవాఖాన పెట్టాను. కాలితో తొక్కితే తిరిగే మిషను, ఒక కుర్చీ, తూర్పు వైపు పెద్ద కిటికీ, అంతే నా ఆస్తి. పన్ను నొప్పంటే పెరికించుకోవడమే అప్పటి జనానికి తెలుసు. పెరక్కుండా బాగుచేసే పని నేను పట్నంలో నేర్చుకుని వచ్చాను. ఆ గర్వం నాకు కొంచెం కాదు, చాలానే ఉండేది.

ఆ పని ఏమిటో చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పంటి వేళ్ళ లోపల వెంట్రుకంత సన్నటి దారులుంటాయి. వాటిలోని కుళ్ళు తీసేసి, సన్నటి తీగ మీద దూదిని పురిపెట్టి వత్తి చేసి, మందులో ముంచి లోపల పెడతాం. పైన సిమెంటుతో మూస్తాం. వారం తర్వాత సిమెంటు తీసి ఆ వత్తిని బయటికి లాగాలి. అదే అసలు పరీక్ష. లాగిన వత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాం. మందు వాసన వస్తే పన్ను బాగుపడినట్టు. కుళ్ళు వాసన వస్తే మళ్ళీ మొదటికొచ్చినట్టు. పంటికి ఫోటో తీసే మిషను మా జిల్లాలో లేదు. నా ముక్కే నా మిషను.

ఒక బేస్తవారం పొద్దున చండూరు బస్సు దిగి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. సాలెవాళ్ళు. తల్లి పేరు ఈశ్వరమ్మ. కొడుకు అంజయ్యకు ఇరవై ఏళ్ళుంటాయి. కింది దవడ కుడివైపు పెద్ద పన్ను పుచ్చి, చెంప బూరెలా ఉబ్బింది. నేను ఇంకా నోరు చూడనే లేదు, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా పెద్దకొడుకు పన్ను గుంజిపిచ్చుకున్నడు సారూ. మూడు దినాలు నెత్తురు ఆగలే. నా కొంగుతోటే ఒత్తిపట్టుకున్న. పట్టుకుని ఉండంగనే పోయిండు. వీనిది గూడ గదే నెత్తురు. వీని పన్ను గుంజకు, నీ కాల్మొక్త."

అంజయ్యకు చిన్నప్పటి నుంచి మోకాలికి దెబ్బ తగిలితే నెలరోజులు వాచి ఉండేదట. సూది మందు వేయించుకుంటే ఆ చోటంతా నల్లగా కమిలిపోయేదట. ఆ జబ్బు గురించి నేను పుస్తకంలో చదివాను. పెరికితే రక్తం ఆగదు. పెరక్కుండా వదిలేస్తే చీము గొంతులోకి దిగుతుంది. మిగిలింది నా వత్తుల దారి ఒక్కటే.

"గుంజనమ్మా. గుంజకుంటనే బాగుచేస్త. నువ్వు ఫికర్ పెట్టుకోకు" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ పంటికి మామూలుగా మూడు దారులుంటాయి. ముందు వేరులో రెండు, వెనక వేరులో ఒకటి. మూడూ దొరికాయి. శుభ్రం చేసి మూడు వత్తులు పెట్టి మూశాను. సిమెంటు తడిగా ఉండగానే దాని మీద పనిముట్టు కొనతో గీతలు గీసే అలవాటు నాకుంది. మొదటి వారం ఒక గీత, రెండో వారం రెండు. ఎన్నోసారి మూశానో తెలియడానికి అలా చేసేవాణ్ణి.

రెండో వారం లాగితే, ముందు వేరు వత్తులు రెండూ మందు వాసనతో వచ్చాయి. వెనకది కంపు. మూడో వారమూ అంతే. నాలుగో వారం ఆ వత్తి లాగేసరికి గది మొత్తం కంపు కొట్టి నేనే కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. వాపు దవడ దాటి మెడ మీదికి దిగింది. అంజయ్య గంజి తప్ప ఏమీ మింగలేకపోతున్నాడు. మాత్రలు ఇస్తూనే ఉన్నాను. నాలుగు గీతలు గీసి మూసిన తర్వాత తల్లిని బయటికి పిలిచాను.

"అమ్మా, వచ్చే బేస్తవారం గూడ గిట్లనే ఉంటే పట్నం పెద్ద దవాఖానకు తోలుత. ఆడ రక్తం ఎక్కిచ్చుకుంట గుంజుతరు."

"బతుకుతడా?"

చెప్పలేనన్నాను.

"ఒకన్ని గిట్లనే గుంజనీకి తోలిన సారూ. వీన్ని తోల. సావే రాసిపెట్టి ఉంటే నా ఇంట్లనే సావనీ" అని కొడుకు రెక్క పట్టుకుని బస్సుకు పోయింది. ఆ వారం నాకు అన్నం సయించలేదు. దారిలో సాలె బజారు వైపు నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తే పక్క సందులోంచి తిరిగి పోయేవాణ్ణి.

బేస్తవారం పొద్దున తొమ్మిదింటికి వాళ్ళు వచ్చారు. వాపు లేదు. చెంప రెండోవైపుతో సమానంగా ఉంది. నాలుగు రోజుల నుంచి నొప్పి లేదన్నాడు అంజయ్య. జొన్నరొట్టె తిన్నాడట. నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. నోట్లో అద్దం పెట్టి చూశాను. సిమెంటు చెక్కు చెదరలేదు. దాని మీద నా నాలుగు గీతలు అలాగే ఉన్నాయి. ఎండ నేరుగా కుర్చీ మీద పడుతోంది. చీకట్లో పొరపాటు పడ్డాననడానికి లేదు.

ఈశ్వరమ్మ ప్రతిసారీ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని కొడుకు చెయ్యి పట్టుకునేది. ఆరోజూ కూర్చుంది. సిమెంటు తీశాను. ముళ్ళ తీగతో ముందు వత్తులు రెండూ లాగి గాజు పలక మీద పెట్టాను. వెనక వత్తి లాగాను. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను. కర్పూరం కలిపిన నా మందు వాసనే తప్ప ఇంకేమీ లేదు. హమ్మయ్య అనుకుని, దూది పోగులేమైనా మిగిలాయేమోనని తీగను మళ్ళీ లోపల తిప్పాను. పక్కన ఏదో తగులుకుంది.

లాగితే ఇంకో వత్తి వచ్చింది.

మూడు పెట్టాను, నాలుగు వచ్చాయి. మొదట నా మీద నాకే కోపం వచ్చింది. పోయిన వారం వత్తి ఒకటి మరిచిపోయి ఉంటానని తిట్టుకున్నాను. తీరా అద్దంతో చూస్తే అది వచ్చింది నేను ఎరిగిన దారిలోంచి కాదు. వెనక వేరులో, నా దారి పక్కనే ఆవగింజంత కొత్త రంధ్రం ఉంది. దాని మీద కప్పులా ఉండాల్సిన పంటి గట్టును ఎవరో నున్నగా కోసి తీసేశారు. తీగ దించి చూశాను. వేరు చివరిదాకా సాఫీగా దిగింది. ఆ దారి ఉందని నెలరోజులుగా నాకు తెలియనే తెలియదు. అందులో కుళ్ళు లేదు. పని అయిపోయి ఉంది. అంత నున్నటి కోత కోయడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఆ తర్వాత కూడా చేతకాలేదు.

"ఎవరి దగ్గరికి పోయినవురా? నిజం చెప్పు!" అని గట్టిగా అరిచాను. అంజయ్య బిత్తరపోయి, మార్కండేయుని మీద ఒట్టు, ఇల్లు కదలలేదన్నాడు. వేరేవాళ్ళు తెరిచి ఉంటే నా గీతలు ఎలా ఉంటాయని నేను అప్పుడు ఆలోచించనైనా లేదు. కోపం గుడ్డిది కదా.

ఈ గొడవ ఈశ్వరమ్మకు పట్టలేదు. పలక మీదికి వంగి ఆ నాలుగు వత్తుల్నే చూస్తోంది. ఏడేళ్ళ పిల్లప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన మనిషి. ఒక వత్తిని గోటితో అటూ ఇటూ దొర్లించింది.

"ఈ మూడు కుడి పురి. గిది ఎడమ పురి. గిది నీ చెయ్యి కాదు బిడ్డా."

అంతవరకూ సారూ అన్న మనిషి బిడ్డా అన్నది నాకు గుర్తుంది.

"దూదికి ఏం తెలుస్తదమ్మా" అన్నాను.

"నాకు తెలుస్తది. మా మామ మగ్గం మీద సగం చీర ఇడిసి సచ్చిపోయిండు. మిగిలింది నా పెనిమిటి నేసిండు. యాడ మామ చెయ్యి ఆగిందో, యాడ నా పెనిమిటి చెయ్యి పడ్డదో, కండ్లు మూసుకుని తడిమినా చెప్త. నువ్వు బిగ్గె తిప్పుతవు, తొందర మనిషివి. గిది తిప్పినాయన నిమ్మలమైనోడు. ఎవలు?"

నేను కూడా కూర్చున్నాను. ఎడమచేత్తో వత్తి తిప్పే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. పట్నంలో నాకు ఈ పని నేర్పిన మా ఉస్తాద్. పుట్టు ఎడమచేతివాటం ఆయనది. మూడు దారులు దొరికాయని నేను చేతులు కడుక్కోబోతే, "ఔర్ ఏక్ దేఖో బేటా" అని మళ్ళీ కూర్చోబెట్టేవాడు. ఇంకొకటి చూడమని. ఉంటే దొరుకుతుంది, లేకపోతే పోయేదేముంది అనేవాడు. నాకు విసుగు. ఒకరోజు అందరి ముందూ, ఎన్నిసార్లు చూడాలి సాబ్, నాకు తెలుసు అన్నాను. తాతకు దగ్గులు నేర్పినట్టు. ఆయన పొమ్మనలేదు. నేనే పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఇది జరగడానికి ముందు ఏడాది ఆయన పోయాడని కబురొచ్చింది. రోగులున్నారన్న వంక పెట్టి మట్టి వేయడానికి కూడా పోలేదు.

ఇదంతా ఆ తల్లికి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆపుకోలేకపోయాను. వాళ్ళు భయపడతారనుకున్నాను. ఆమె మాత్రం, "సచ్చిపోతె ఏమాయె. పని తెలిసిన చెయ్యి" అంది. అంతే.

రుజువు అడిగేవాళ్ళ కోసం నాకు తెలిసినంత చెబుతాను. నాలుగో వత్తికి లవంగ నూనె వాసన ఉంది. ఉస్తాద్ అదే వాడేవాడు. కానీ వాసనను నేను లెక్కలోకి తీసుకోను, పైన మూసే సిమెంటులోనూ లవంగ నూనె ఉంటుంది, దిగి ఉండొచ్చు. నేనే మైమరిచి చేశానేమో అని కూడా అనుకున్నాను. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని ఎడమ పురి తిప్పడానికి కూర్చున్నాను. దూది తీగ మీద నిలవనే లేదు. వేళ్ళు నొప్పి పుట్టి మానేశాను. చదువుకున్న స్నేహితులకు చెబితే పన్ను దానంతటదే బాగై ఉంటుందన్నారు. బాగుపడొచ్చు. దూదికి పురి ఎవరు పెట్టారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషి నాకు ఇంతవరకు దొరకలేదు.

తర్వాతి బేస్తవారం నాలుగు దారుల్లో నాలుగు వత్తులు లాగాను. ఒక్కదానికీ కంపు లేదు. పన్ను నింపేసి, నీకు ఇక నాతో పని లేదు పో అన్నాను అంజయ్యతో. తల్లి కదలలేదు. "నీతోటి లేదు. మీ ఉస్తాద్‌ను సూడాలె. తీస్కపో" అంది. ఎంత చెప్పినా వినలేదు. నిజానికి నేను గట్టిగా చెప్పలేదు. నాకూ పోవాలనే ఉంది, ఒక్కణ్ణి పోవడానికి మొహం చెల్లలేదు.

దసరా దాటాక ముగ్గురం పట్నం పోయాం. కబరస్తాన్‌లో అడిగి అడిగి సమాధి పట్టుకున్నాం. పైన గడ్డి మొలిచి ఉంది. ఈశ్వరమ్మ కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, అంజయ్య కొత్తగా నేసిన దుప్పటి పరిచింది. నేను పక్కన నిలబడి ఏడ్చాను. ఏం అడగాలో, ఏమని క్షమించమనాలో నోటికి రాలేదు.

ఆమెకు ఆ ఇబ్బంది లేదు. బతికున్న డాక్టరుతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"సారూ, గిప్పుడు మంచిగున్నడు. జర నువ్వే సూడు." కొడుకు వైపు తిరిగింది. "వంగి నోరు తెరువురా. సారుకు కనపడేటట్టు."

అంజయ్య సిగ్గుపడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, సమాధి మీదికి వంగి, నోరు పెద్దగా తెరిచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఎండ నా వెనక నుంచి వస్తోంది, నా నీడ వాడి మొహం మీద పడుతోంది. డాక్టరు నోట్లోకి చూస్తున్నప్పుడు పక్కనున్నవాళ్ళు జరిగినట్టు, వెలుతురుకు అడ్డం రాకుండా నేను రెండడుగులు పక్కకు జరిగాను. ఎవరు చూడటానికి జరిగానో ఇప్పటికీ చెప్పలేను.