ఎతెల్కా ఏరని చుక్కలు

ఎతెల్కా ముప్పై నాలుగేళ్ళపాటు ఈస్టులనూ బూజులనూ పెంచింది. దక్షిణ హంగరీలో, తిసా నది ఒడ్డున ఉన్న ఒక ఆసుపత్రి నేలమాళిగలో ఆమె పని. పైన వార్డుల్లో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే వాళ్ళ రక్తం సీసాలో కిందికి దిగుతుంది. అందులో ఏముందో గాజుపళ్ళెం మీద పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూసి, కాగితం మీద రాసి పైకి పంపాలి. ఆ గదిలో నేను మూడేళ్ళు గాజుసామాను కడిగాను, అందుకే ఈ సంగతులు తెలుసు. వయసులో పెద్దావిడను అక్కడ నేని అంటారు. డాక్టర్ల దగ్గర్నుంచి లిఫ్టు నడిపేవాడి దాకా అందరికీ ఆమె ఎతెల్కా నేని.

పళ్ళెం మీద వందల చుక్కలు మొలుస్తాయి, ఒక్కోటీ ఒక్క కణం నుంచి పెరిగిన గుంపు. మందు పరీక్షకు వాటిలోంచి ఒక్కదాన్నే ఏరుకోవాలి. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఎతెల్కా నేర్పే మొదటి పాఠం అదే.

"అందమైనదాన్ని ఏరమ్మా. గుండ్రంగా, తెల్లగా, మెరుస్తూ, పక్కదాన్ని తాకకుండా ఉన్నదాన్ని. పెళ్ళికొడుకును చూసినట్టు చూడు."

"మీరూ అలాగే చూశారా నేనీ?"

"చూశాను. రెండేళ్ళకే పారిపోయాడు. ఇవైతే పళ్ళెం వదిలి ఎక్కడికీ పోవు."

ఇది మనిషికి ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. నేను తిరిగిన ఊళ్ళన్నిట్లో చూశాను. విత్తనానికి లావు గింజే దాస్తారు. సంతలో ఒళ్ళు మెరిసే గుర్రం చుట్టూనే మూగుతారు. ఒకసారి డెబ్రెసెన్ సంతలో ఒక బక్క గుర్రం మూల నిలబడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడి చేత కూడా పళ్ళు చూపించుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. గుర్రాల గురించి మొదలుపెడితే నాకు తెమలదు. చెప్పాల్సింది బెర్తలాన్ గురించి.

బెర్తలాన్ మిరపపొడి మర ఆడించే మనిషి. యాభై రెండేళ్ళుంటాయి. కుర్రతనంలో ట్రాక్టరు కింద పడి ఒక కిడ్నీ పోగొట్టుకున్నాడు. తొంభై ఎనిమిది వసంతంలో పేగు పగిలి ఆసుపత్రికొచ్చాడు. ఆపరేషను చేసి, ఫంగస్ పట్టకుండా ముందుజాగ్రత్తగా ఫ్లూకోనజోల్ ఇచ్చారు. అయినా రెండో వారంలో అతని రక్తంలో ఈస్టు, అదీ ఫంగసే, మొలిచింది. ఎతెల్కా ఒక బుధవారం అందమైన చుక్కను ఏరి, కొత్త పళ్ళెం మీద పరిచి, మధ్యలో మందు బిళ్ళ పెట్టింది. మర్నాడు బిళ్ళ చుట్టూ వెడల్పుగా, శుభ్రంగా ఖాళీ కనిపించింది. అంటే చస్తోంది. 'మందు పనిచేస్తుంది' అని రాసి సంతకం పెట్టింది. డాక్టరు అదే మందు మోతాదు పెంచి ఇచ్చాడు.

సోమవారం పొద్దున్న ఫోను మోగింది. వార్డు డాక్టరు కెరెకేష్.

"ఎతెల్కా నేనీ, మీ కాగితమేమో మందు పనిచేస్తుందంటోంది. మనిషేమో నలభై డిగ్రీల జ్వరంతో కాలిపోతున్నాడు. ఇద్దర్లో ఎవరు అబద్ధమాడుతున్నట్టు?"

"కాగితం రాసింది నేను డాక్టరుగారూ."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. పన్నెండింటికల్లా తేల్చుకోవాలి. రెండో మందుకు మారితే ఉన్న ఒక్క కిడ్నీ పోవచ్చు. మారకపోతే మనిషే పోవచ్చు."

అప్పట్లో మా దగ్గరున్నవి ఆ రెండు మందులే. రెండోది ఆంఫోటెరిసిన్. అది ఎక్కుతుంటే మంచం కూడా వణుకుతుందని నర్సులు దానికి 'వణుకుడు మందు' అని పేరు పెట్టారు. ఫంగస్‌ను చంపడంలో దానికి తిరుగులేదు, కిడ్నీలను కూడా అంతే శ్రద్ధగా తింటుంది.

ఎతెల్కా ఫోను పెట్టేసి ఫ్రిజ్ తెరిచింది. మందు పరీక్ష చేసిన పళ్ళెం అప్పటికే ఆవిరిపెట్టెలో ఉడికి చెత్తలోకి పోయింది. రక్తం పరిచిన మొదటి పళ్ళెం మాత్రం వారంపాటు దాచడం రివాజు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టి చూసింది. లావు చుక్కల మధ్య గసగసాల్లాంటివి, సూదిమొనంత చుక్కలు. ఒకటీ రెండూ కాదు, పళ్ళెమంతా.

ఆమెకు అవి కొత్త కాదు. పోయిన బుధవారమే చూసింది. చెత్త అనుకుని, సూదికి తగలకుండా జాగ్రత్తగా తప్పించి మరీ పక్కదాన్ని ఏరింది.

ఒక చుక్కను గీరి మైక్రోస్కోపు కింద పెట్టింది. లావు చుక్కల్లో ఉండే అవే కోలగింజల్లాంటి కణాలు, అవే మొగ్గలు. చెత్త కాదు, అదే ఈస్టు. వెంటనే ఆ చిన్నవాటిని కొత్త పళ్ళెం మీద పరిచి, మందు బిళ్ళ పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచింది. గడియారం చూసింది. పదిన్నర. కెరెకేష్‌ను కిందికి రమ్మంది.

"చిన్నవి కదా," అన్నాడతను భూతద్దంలోంచి చూస్తూ. "చిన్నవంటే నీరసమైనవేగా?"

"నీరసమైనవే. కానీ ఈయన రక్తం తీసేనాటికే ఒంట్లో ఆ మందు ఉంది డాక్టరుగారూ. అందులో ఈదుకుంటూ వచ్చినవి ఇవి. నేను పరీక్షించింది వీటిని కాదు."

"రుజువు?"

"ఇవి మెల్లగా పెరుగుతాయి. తేలేది బుధవారం."

"బుధవారానికి అతను ఉండడు."

"తెలుసు."

"ముప్పై ఏళ్ళ అనుభవం పెట్టుకుని వీటినెలా వదిలేశారు నేనీ?"

"ముప్పై నాలుగు. ఆ అనుభవంతోనే వదిలేశాను. మీరు కావాలంటే నా తప్పని రాసి పైకి పంపండి, సంతకం పెడతాను. కానీ ముందు మందు మార్చండి."

కెరెకేష్ జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "మీరే వచ్చి అతనికి చెప్పండి," అన్నాడు.

అన్నేళ్ళలో ఆమె వార్డుకు వెళ్ళింది లేదు. పళ్ళేన్ని టేపుతో బిగించి, డబ్బాలో పెట్టుకుని లిఫ్టెక్కింది. బెర్తలాన్ పెదవులు పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి.

"ఏంటి నేనీ, ఆ డబ్బాలో ఉన్నది నేనేనా?"

"మీ రక్తంలోదే. నేను సరిగ్గా చూడలేదు బెర్తలాన్‌గారూ. మందు పనిచేస్తుందని రాశాను. చేయడం లేదనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా, తెలుసా?"

ఎతెల్కా డాక్టరు వైపు చూడలేదు. "అనుకుంటున్నాను. తెలిసేది ఎల్లుండి."

రెండో మందు కిడ్నీని ఏం చేయగలదో కెరెకేష్ విడమరిచి చెప్పాడు.

"ఉన్న కిడ్నీ ఒక్కటే, నిజమే," అన్నాడు బెర్తలాన్. "ప్రాణాలు మాత్రం రెండున్నాయా? ఎక్కించండి."

పన్నెండుకు పది నిమిషాలుండగా సీసా తగిలించారు. ఒంటిగంటకు అతని పళ్ళు టకటకలాడటం కారిడార్ చివరిదాకా వినిపించిందట.

ఆ చిన్నవాటి మర్మం తర్వాతి ఏళ్ళలో, కొంత చదివి, కొంత తెలిసినవాళ్ళను విసిగించి తెలుసుకున్నాను. ఈ ఈస్టు కొత్త ఆయుధమేదీ తయారు చేసుకోదు. లోపలికొచ్చిన మందును బయటికి తోసే పంపులు దానికి పుట్టుకతోనే ఉంటాయి, వాటి జన్యువులు మామూలప్పుడు కునుకు తీస్తుంటాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా నిద్రలేపే ప్రొటీను ఒకటుంది, ఇంటికి పెద్ద స్విచ్చులాంటిది. మందు దెబ్బకు కణంలోని శక్తి కర్మాగారం, అదే మైటోకాండ్రియా, పాడైపోతే, ఆ కబురందుకుని స్విచ్చు పడుతుంది. ఇక పంపులు ఆగకుండా తోడుతూనే ఉంటాయి. కర్మాగారం లేదు కాబట్టి కణం సరిగ్గా ఎదగలేదు, పళ్ళెం మీద సూదిమొనంతే ఉంటుంది. రొట్టెల ఈస్టులో ఇలాంటి మరుగుజ్జులను ఫ్రాన్సువాళ్ళు పందొమ్మిదొందల నలభైల్లోనే చూసి, 'చిన్నది' అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ సోమవారం మా నేలమాళిగలో ఇదేదీ ఎవరికీ తెలియదు. ఎతెల్కా దగ్గరున్నది ఒక అనుమానం, ఒక భూతద్దం.

మంగళవారం ఆమె వెచ్చటి పెట్టె తలుపు ఆరుసార్లు తెరిచింది. ఏడోసారి తనను తనే తిట్టుకుని, వేడి పోతుందని తలుపుకు కుర్చీ అడ్డం పెట్టింది.

బుధవారం పొద్దున్న పళ్ళెం బయటికి తీసి దీపం కింద పెట్టింది. బిళ్ళ చుట్టూ ఖాళీ లేదు. సన్నటి నూగులా చుక్కలు బిళ్ళ అంచును ఒరుసుకుంటూ పెరిగాయి. తన అనుమానం నిజమైందని ఆమె సంతోషించలేదు. పాత కాగితం తెప్పించి, 'పనిచేస్తుంది' అన్న మాట కొట్టేసి, 'పనిచేయదు, మొదట ఏరడంలో పొరపాటు నాది' అని రాసి సంతకం పెట్టింది. ఆ మాట అక్కర్లేదని పై అధికారి అన్నాడు. ఆమె చెరపలేదు.

శుక్రవారం జ్వరం దిగింది. శనివారం మూత్రం ఆగిపోయింది.

బెర్తలాన్‌ను డయాలసిస్ మిషను మీద పెట్టారు. ఆంఫోటెరిసిన్ ఆపడానికి లేదు, ఈస్టు పూర్తిగా పోలేదు. ప్రాణం నిలబెట్టింది ఆమె మాట. కిడ్నీ తీసింది కూడా ఆ మాటేనా? ఎతెల్కా రోజూ ఏడున్నరకు వార్డుకు ఫోను చేసేది. పలకరింపులు లేవు, జ్వరం సంగతి లేదు. ఒకటే మాట: "పోశాడా?"

"లేదు నేనీ."

మూడో రోజూ లేదు. ఎనిమిదో రోజూ లేదు. పదకొండో రోజున నర్సు అంది, "లేదు నేనీ. కానీ ఆయన మిమ్మల్నడిగారు. ఇంతమంది ఆడవాళ్ళు తన ఉచ్చ కోసం ఎదురుచూడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారట."

ఎతెల్కా నవ్వలేదు. ఆ వారమంతా అమ్మాయిలకు ఏమీ నేర్పలేదు. కొత్తగా వచ్చిన ప్రతి పళ్ళెం మీదా లావు చుక్కతోపాటు చిన్నదాన్ని కూడా తనే ఏరింది. పని రెట్టింపైంది, ఎవరూ గొణగలేదు.

పందొమ్మిదో రోజు ఏడున్నర కాకముందే ఫోను మోగింది. ఎత్తడానికి ఎవరూ కదల్లేదు. ఎతెల్కా చేతి తొడుగులు ఊడదీసి తనే ఎత్తింది.

"నేనీ! నూట ఇరవై మిల్లీ! ముదురు బీరు రంగులో ఉంది. డాక్టరుగారు ఆ సీసా పట్టుకుని వార్డంతా చూపిస్తున్నారు!"

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అవతల నర్సు, "ఉన్నారా నేనీ?" అంది.

"ఉన్నా," అంది ఎతెల్కా. "రేపటికి రెండొందలు చెయ్యమను ఆయన్ని."