మేం తాగని నీళ్లు

మా మర్రిగూడ బోరునీళ్లు ఫ్లోరైడ్ నిండిన విషమని ఏళ్లకేళ్లు ఆఫీసుల ముందు నిలబడి అరిచినవాణ్ని నేను. బడికి పోకపోయినా పేపర్లు చదివి కూడబెట్టుకున్న తెలివంతా ఆ కొట్లాటకే పెట్టాను. ఇంటికి నల్లా నీళ్లు వచ్చాక కూడా నా కోపం చల్లారలేదు.

మొన్న పత్తి ఏరే రోజుల్లో తమ్ముడి పికప్ బండి ఇంజిన్ బుస్సుమనడం మొదలుపెట్టింది. ఆ బండి కిరాయిలే వాడి బతుకు. రెండు నెలల కిందటే మెకానిక్ దాని రేడియేటర్ మూత మార్చాడు.

"రేడియేటర్‌కు కొత్త మూత అని చెప్పి పాతది బిగించిండు. మెకానిక్ కాదు వాడు, దొంగ!" అని తేల్చేశాను. తమ్ముడు నా మాట నమ్మి, ఆ మెకానిక్‌ను ఫోన్లో నానా మాటలన్నాడు.

ఇంజిన్ చల్లారాక మూత నేనే విప్పాను. దాని రబ్బరు చుట్టూ తెల్లటి సున్నం గడ్డకట్టి ఉంది. మూత సరిగా కూర్చోక ఆ సందులోంచే ఆవిరి బుసకొడుతోంది. రోజూ పొద్దున రేడియేటర్‌లో నీళ్లు పోసేది నేనే, పెరట్లోని బోరు నుంచి.

తమ్ముడు మూతను చూశాడు, నన్ను చూశాడు.

"మనం తాగని నీళ్లు బండికెందుకు తాపినవే అన్నా?"

నేనే మెకానిక్‌కు ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను. తిడతాడనుకున్నాను.

"పోనీ తియ్ కాకా. మూత మంచిగ గీకుండ్రి, గా నీళ్లన్ని పారబోసి కూలెంట్ పొయ్యుండ్రి. సప్పుడు బందైతది" అన్నాడు.

అలాగే చేస్తే చప్పుడు ఆగింది. లోడుకు పోతూ తమ్ముడు నన్నూ రమ్మన్నాడు. ఆ మెకానిక్ దుకాణం ఆ దారిలోనే ఉంది. నేను బండెక్కలేదు.