క్రేన్ డ్రైవరు గారు దించిన సరుకు

మా కింది వాటాలో ఉండే క్రేన్ డ్రైవరు గారు మొన్న మంగళవారం ఉదయం ఆసుపత్రిలో పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "టీచరమ్మా, మీ డ్రైవరు గారు ఎల్లిపోనారు" అంది.

మద్దిలపాలెం డిపో వెనక మా వీధికి ఆయన్ని ఆఖరిసారి చూడడానికి వచ్చినవాళ్ళంతా, పాపం ఎంత అవస్థ పడ్డాడో అన్నారు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి; అవస్థ పడిన మాట నిజం. కానీ ఆసుపత్రిలో చేరే ముందు ఆయన ఒక పని సాధించి వెళ్ళారు. దాని కోసం నాలుగు నెలలు జరిగిన ప్రయత్నానికి రీడింగులు రాసింది నేను. కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా మనవరాలు దువ్వాడలో ఇంజనీరింగ్ చదువుతూ నా దగ్గరే ఉంటుంది. దాని దగ్గర చేత్తో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్ ఒకటి ఉంది. చూడనివారికి చెబుతాను: మధ్యలో ఏడంగుళాల తెర, అటూ ఇటూ బొటనవేళ్ళతో తిప్పే రెండు చిన్న స్టిక్కులు, లోపల పూర్తి కంప్యూటర్. పరీక్షల ముందు దాన్ని నేను లాక్కున్నాను. బీరువా తాళం ఎక్కడ పెడతానో పిల్లకి తెలుసు. అందుకని డ్రైవరు గారికి ఇచ్చి, "పరీక్షలయ్యేదాకా దాచండి. అది వచ్చి ఎంత బతిమాలినా ఇవ్వకండి" అన్నాను.

ఆయన పిల్లకి ఇవ్వలేదు. తానే ఆడడం మొదలుపెట్టారు.

ఓ పది రోజుల తర్వాత వాళ్ళ గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్తే, మంచం మీద కూర్చుని తెరకేసి కేకలు వేస్తున్నారు. "దీని దుంప తెగ! మళ్ళీ ఊగతన్నాది!" నన్ను చూసి దాన్ని దిండు కిందికి తోశారు.

"ఏం చేస్తున్నారండీ?"

"దాసమన్నారు కదా టీచరమ్మా. దాసతన్నాను."

వంటింట్లోంచి ఆయన భార్య అందుకుంది. "ఏటి దాసడం! పొద్దున లెగిసినకాడ నుంచి దాన్ని తిడతన్నాడు. ఇన్నేళ్ళ కాపరంలో నన్ను కూడా అన్ని తిట్లు తిట్నేదు ఈ మడిసి."

అది ఓడరేవులో క్రేన్ నడిపే ఆట. ఎడమ స్టిక్కుతో క్రేన్‌ని తిప్పాలి, కుడి స్టిక్కుతో సరుకుని ఎత్తి దించాలి. ఆఖరి అంకంలో గాలి వీస్తుంది, ఓడ అలల మీద లేచి పడుతుంటుంది. అందులోంచి ఒక ఇనుప పెట్టె ఎత్తి, దెబ్బ తగలకుండా ఒడ్డున ఉన్న లారీ మీద పెట్టాలి. డ్రైవరు గారు మిగిలిన అంకాలన్నీ దాటేశారు. ఇక్కడ ఆగిపోయారు.

తిట్టబోయినదాన్ని, ఆయన అంతగా పట్టుబట్టడానికి కారణం విని కూర్చుండిపోయాను. ఆయన ముప్పై ఏళ్ళు పోర్టులో క్రేన్ నడిపారు. క్యాబిన్‌లో ఆఖరి రోజున, సరుకు గాల్లో ఉండగా ఊపిరి అందలేదట. బ్రేకు వేసి కిందికి కబురు చేశారు. వేరే డ్రైవరు నిచ్చెన ఎక్కి వచ్చి ఆ సరుకు దించాడు. వైద్య పరీక్ష తర్వాత ఈయన్ని మళ్ళీ పైకి ఎక్కనివ్వలేదు.

"నానెత్తిన సరుకు ఇంకోడు దించినాడు టీచరమ్మా" అన్నారు. "అంతే. ఇంకేటీ నేదు."

దాన్ని చేతిలోకి తీసుకుని ఆ అంకం నాకు చూపించారు. పెట్టె ఊగడం మొదలవగానే తెర మీది బొమ్మ తడబడుతోంది. ఒక క్షణం ఆగి, మరో చోట దూకుతోంది. "ఊగతన్న సరుకుని ఆపకూడదు. దాని కూడా ఎల్లాల. అది ఎంత దూరం పోద్దో నువ్వూ అంత దూరం పోయి, అక్కడ మెల్లగా అందుకోవాల. ఇదేమో నాను ఎల్లీసరికి ఎక్కడుందో సూపించదు" అన్నారు. పైగా ఎడమ స్టిక్కు అరిగిపోయి, వేలు తీసేసినా క్రేన్ దానంతట అదే పక్కకి జరిగేది.

తప్పు ఆయన చేతిది కాదు, యంత్రానిది. దాన్ని బాగుచేయవచ్చు కదా అని నాకు తోచింది. పరీక్షలు అవగానే మనవరాలిని పిలిచాను. అది నా ముఖంలోకి అనుమానంగా చూసి, "అమ్మమ్మా, నువ్వేనా మాట్లాడుతున్నది?" అంది.

నేనొక షరతు పెట్టాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. ప్రతి మార్పుకీ ముందూ వెనకా ఒకే చోట, ఒకే సమయానికి ఆఖరి అంకం ఆడి చూడాలి. గది వేడి ఎంత, లోపలి చిప్ వేడి ఎంత, సెకనుకి తెర ఎన్ని బొమ్మలు చూపిస్తోంది అన్నవి నేను రాస్తాను. మొదటి రోజు రీడింగు: గది ముప్పై ఒకటి, చిప్ ఎనభై ఎనిమిది డిగ్రీలు, సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు.

"స్కూల్లో కూడా ఇలాగే సంపీసేవోరేటి?" అన్నారు డ్రైవరు గారు.

"ఇంతకంటే ఎక్కువ" అంది మనవరాలు.

ముందు స్టిక్కులు మార్చాం. అయస్కాంతంతో పనిచేసేవి తెప్పించాం. రాపిడి ఉండదు కనుక అవి అరగవు. వెనక మూత విప్పే రోజున ఆయన తెల్ల పంచె పరిచి కూర్చున్నారు. నేను నోటుబుక్కులో ఆ మూత బొమ్మ గీసి, విప్పిన ప్రతి మరనీ దాని చోటే టేపుతో అంటించాను. పొడుగు మర పొట్టి మర ఉండే చోట బిగిస్తే లోపలి బోర్డు పగులుతుంది. మనవరాలు స్టిక్కుల తీగ లాగబోతే ఆయన దాని చెయ్యి పట్టుకున్నారు. "ముందు కరెంటు తియ్యాల. క్రేన్‌కి రిపేరు సేయించినప్పుడు మెయిన్ స్విచ్చికి తాళమేసి, ఆ తాళం సెవి నా జేబులో ఏసుకునేవోణ్ణి. ఇంకోడి జేబుని నమ్మకూడదు." బ్యాటరీ తీగ ఊడదీసి, దాని కొసకి కాగితం చుట్టి, అప్పుడు స్టిక్కుల జోలికి వెళ్ళనిచ్చారు. ఆ రోజుతో క్రేన్ పక్కకి జరగడం మానేసింది.

తర్వాత వేడి సంగతి. చిప్‌కీ దాని మీది రాగి పలకకీ మధ్య రాసే ముద్ద ఎండిపోయింది. వేడెక్కినప్పుడల్లా కంప్యూటర్ తన వేగం తానే తగ్గించుకుంటోంది. ఇక్కడే మేం పెద్ద తప్పు చేశాం.

"బియ్యపు గింజంత చాలు తాతా" అంది మనవరాలు.

"నువ్వూరుకో పాపా. ముప్పై ఏళ్ళు క్రేన్ ఇనుప తాడుకి గ్రీజు రాయించినోణ్ణి. గ్రీజుకాడ పిసినారితనం సేత్తే తాడు నిన్నే తినీసుద్ది." ఇడ్లీ మీద చట్నీ వేసినట్టు దట్టంగా వేశారు. పక్కనున్న చిన్న చిప్‌ల మీద అంటించే మెత్తటి పట్టీలు కూడా అన్నిటికంటే దళసరివే ఏరుకున్నారు. పలచటివి నలిగిపోతాయట. ముద్ద ఒక మార్పు, పట్టీలు రెండో మార్పు. రెండూ ఒకేసారి చేయడానికి నేను ఒప్పుకున్నాను. నా షరతు నేనే తప్పాను.

మూత బిగించి చూస్తే తొంభై అయిదు డిగ్రీలు. బొమ్మలు పంతొమ్మిదికి పడిపోయాయి. మనవరాలు ఏడుపు ముఖం పెట్టింది. ఆయన తల దించుకుని కూర్చున్నారు. నాకు దిక్కుతోచక, ఫ్యాను గాలి బయటికి వచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టాను.

"ఏమండీ, ఈ గాలి చల్లగా వస్తోందేమిటి?"

"సల్లగానా?" ఆయన దాన్ని తీసుకుని చెంపకి ఆనించుకున్నారు. కొంచెంసేపు అలాగే ఉండి, దగ్గు వచ్చేదాకా నవ్వారు. "టీచరమ్మా, హుక్కు తగల్నేదు! సరుకు కిందే ఉండిపోనాది. మనం పైన ఉత్త తాడు లాగతన్నాం."

అదే జరిగింది. చుట్టూ దళసరి పట్టీలు రాగి పలకని పైకి ఎత్తేశాయి. పలక అసలైన చిప్‌ని తాకడమే లేదు. వేడి లోపలే ఉండిపోయింది, ఫ్యాను ఊరికే తిరుగుతోంది. అన్నీ తుడిచి, పలచటి పట్టీలు అంటించి, బియ్యపు గింజంత ముద్ద పెట్టి మళ్ళీ బిగించాం. ఈసారి సందులోంచి వచ్చిన గాలికి నా అరచెయ్యి చురుక్కుమంది. డెబ్బై ఆరు డిగ్రీలు, ముప్పై మూడు బొమ్మలు. ఆయన భార్య కూడా వచ్చి ఆ వేడి గాలి ముందు చెయ్యి పెట్టి, "దీని మీద అప్పడాలు ఏగించీయొచ్చు" అంది.

మిగిలినవి మనవరాలు లోపలి సెట్టింగులలో చేసింది. బొమ్మలు గీసే భాగానికి మెమరీ పెంచింది, నీడలూ నీటి మెరుపులూ తగ్గించింది. సెకనుకి అరవై బొమ్మలు రావాలని దాని పట్టుదల. అరవై వచ్చేవి, గాలి లేచేసరికి ముప్పైకి జారేవి. డ్రైవరు గారికి అది నచ్చలేదు. "ఓసారి అరవై, ఓసారి ముప్పై అయితే సెయ్యి దేన్ని నమ్మాల? నలభై అయితే నలభై. నిలబడి ఇయ్యమను." పిల్ల ముఖం మాడ్చుకుని, నీడలు పూర్తిగా తీసేసి, నలభై దగ్గర కట్టేసింది. నా నోటుబుక్కులో ఆ రోజు నుంచి ఆ గడి మారలేదు: నలభై, నలభై, నలభై.

యంత్రం బాగుపడింది. ఈలోగా ఆయనకి జబ్బు ముదిరింది. డాక్టరు పీల్చే మందు పెంచాడు. అది పీల్చితే ఊపిరి వచ్చేది కానీ చేతులు వణికేవి. పీల్చకపోతే చేతులు నిలిచేవి, ఊపిరి అందేది కాదు. సోమవారం ఆసుపత్రిలో చేరాలని, ఎన్నాళ్ళు ఉండాలో చెప్పలేనని డాక్టరు అన్న రోజున ఆయన కంప్యూటర్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇచ్చీయండి పాపకి. నా వల్ల అవదు."

నేను తీసుకోలేదు. "ఇంకా రెండు మార్పులు మిగిలాయి, కూర్చోండి" అన్నాను.

ఒకటి మనవరాలిది. స్టిక్కు రవ్వంత కదిలితే పట్టించుకోవద్దని కంప్యూటర్‌కి చెప్పే ఏర్పాటు ఉంది. దాన్ని ఆయన చేతి వణుకుకి సరిపోయేలా, ఆయన చెయ్యి స్టిక్కు మీద ఉంచే, కొంచెం కొంచెంగా పెంచింది. రెండోది ఆయన సొంత తెలివి. స్టిక్కులు పొడుగైతే చెయ్యి అంతే వణికినా క్రేన్ తక్కువ కదులుతుందని, ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కోసి తొడిగి, వాటి మీద నల్లటి గుండ్రటి పిడులు పెట్టారు. అచ్చం క్రేన్ లివర్లే.

"నా డబ్బా మూతల పిడులేవి?" అని వంటింట్లోంచి కేక.

"పోర్టుకి ఎల్లినాయి" అన్నారు ఆయన.

నేను చేసింది కొంచెమే. మందు పీల్చిన వేళా, వణుకు తగ్గిన వేళా మూడు రోజులు రాసి చూశాను. ఎనిమిదింటికి పీల్చితే, పది తర్వాత ఒక గంటసేపు ఊపిరీ ఉంటుంది, చెయ్యీ నిలుస్తుంది.

శనివారం పదింటికి మొదలుపెట్టారు. రెండుసార్లు పెట్టె లారీ అంచుకి తగిలింది. మూడోసారి ఓడ పైకి లేచే క్షణం కనిపెట్టి, దానితో పాటే పెట్టెని ఎత్తేశారు. గాలి వచ్చింది. పెట్టె ఊగింది. ఆయన దాన్ని ఆపలేదు, దాని వెంట వెళ్ళారు. తెర ఒక్కసారి కూడా తడబడలేదు. సగం దారిలో ఆయన గొంతులో ఈల లాంటి చప్పుడు మొదలైంది. భార్య మందు పట్టుకుని ముందుకి వచ్చింది.

"దించినాక" అన్నారు.

"తాతా, కొంచెంసేపు నేను పట్టుకోనా?" మనవరాలు చెయ్యి చాచింది.

"సెయ్యి తియ్యి పాపా. ఇది నాను దించాల."

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. పెట్టె లారీ మీదికి వచ్చింది, ఓసారి అటు, ఓసారి ఇటు, మూడోసారి కదలకుండా నిలిచింది. ఆయన కుడి లివరు వెంట్రుకవాసి నొక్కారు. చప్పుడు లేకుండా దిగింది. తెర నిండా రంగురంగుల తారాజువ్వలు లేచాయి. మనవరాలు వేసిన కేకకి పక్కింటి వాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. ఆయన భార్య నా భుజం పట్టుకుని కుదుపుతూ, "దించీసినాడు! మా మావ దించీసినాడు!" అంటోంది. నేను జీవితంలో ఎవరి ముందూ చప్పట్లు కొట్టి ఎరగను. ఆ రోజు కొట్టాను.

ఆయన ఒక్కరే తెర మీంచి చూపు తిప్పలేదు. పిడులు వదల్లేదు.

"తాతా, అయిపోయింది, గెలిచేశావు!"

"ఆటకి అయిపోనాది. క్రేన్‌కి ఇంకా అవనేదు" అన్నారు. "హుక్కు కింద వదిలీసి డ్రైవరు దిగిపోకూడదు."

తారాజువ్వల మధ్యలోంచి, ఆట ఎవరినీ అడగని ఆ పనిని, ఆయన తొందర లేకుండా చేసుకుపోయారు. కొక్కెం పెట్టెని వదిలింది. ఉత్త తాడు, దాని కొసన ఉత్త హుక్కు, లారీ మీంచి, ఓడ మీంచి, సముద్రం మీంచి మెల్లగా పైకి లేచాయి. ఆ హుక్కు ఒక్క ఊగు కూడా ఊగకుండా క్యాబిన్ కిటికీ ఎత్తుకి వచ్చి, ఎండలో అలా నిలబడింది.