చిట్టి వాళ్ళమ్మను చూడబోయినప్పుడు

మొన్న పొద్దున లిఫ్టులో ఒక చిన్న ముచ్చట జరిగింది. మా పై అంతస్తులో కొత్తగా దిగిన కుర్రాడు తన కుక్కను తీసుకుని నాతోపాటు కిందికి దిగుతున్నాడు. నల్లటి ఒళ్ళు, కళ్ళమీద రెండు గోధుమరంగు చుక్కలు, మూతికి తోలు చిక్కం. మధ్యలో లిఫ్టు ఆగింది. బడికి బయల్దేరిన పిల్ల చెయ్యి పట్టుకుని ఒకావిడ లోపలికి కాలు పెట్టబోయి, దాన్ని చూసి ఆగిపోయింది. "రాండ్రి మేడం, ఏమనది" అన్నాడు కుర్రాడు. "ఇప్పుడేమనది. గా గుణం దాని రక్తంలనే ఉంటది" అని ఆవిడ పిల్లను వెనక్కి లాక్కుని మెట్లవైపు నడిచింది. నేనేదో తన పక్షాన తీర్పు చెబుతాననుకున్నాడేమో, కుర్రాడు నా వంక ఆశగా చూశాడు. నేను లిఫ్టు అద్దంలో జుట్టు సర్దుకున్నాను. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో ఎంత రభస జరిగిందో, ఎంతమందికి నిద్రలు కరువయ్యాయో అతనికి చెప్పాలంటే లిఫ్టు చాలదు.

అప్పట్లో మేం పంజాగుట్ట వెనక సందులో కింది వాటాలో ఉండేవాళ్ళం. అమీర్‌పేటలో మాకు బ్లౌజులు కుట్టే దుకాణం ఉండేది. మా అత్తగారివాళ్ళది నేత కుటుంబం. మా మామగారితో మగ్గం ఆగిపోయి, మా తరానికి అది కుట్టుమిషన్ అయింది. మా మరిదికి మాత్రం ఈ రెండూ పట్టలేదు. ఆయనకు జీవాలను పెంచడంమీద మోజెక్కువ, ఓపిక తక్కువ. మొదట లవ్‌బర్డ్స్ తెచ్చాడు, అవి మా అత్తమ్మ నెత్తిన పడ్డాయి. తర్వాత చేపల తొట్టి, అది నా నెత్తిన పడింది. ఆపైన ఒక రాట్‌వైలర్ పిల్లను కొన్నాడు. అది చెప్పులన్నీ నమలడం పూర్తయ్యేసరికి ఆయనకు పుణెకు బదిలీ అయింది. "రెండు నెల్లే వదినా, జర ఇల్లు దొరకంగనె తీస్కపోత" అని మా గడపలో వదిలి వెళ్ళాడు. ఆ ఇల్లు ఆయనకు ఇప్పటిదాకా దొరకలేదు. దాని పేరు చిట్టి. పేరు పెట్టినప్పుడు చిట్టిగానే ఉండేదట. మా ఇంటికి వచ్చేనాటికి మాత్రం అది సోఫా ఎక్కితే మనుషులం కింద కూర్చోవాల్సి వచ్చేది.

చిట్టి ఎవరినీ కరిచింది లేదు. కుక్కర్ కూత వేస్తే మంచం కింద దూరేది. బోనాలప్పుడు బల్కంపేటవైపు పోయే డప్పులు వీధి చివర వినిపిస్తే, మా ఆయన కాళ్ళ మధ్య తల పెట్టి వణికేది. ఇంట్లో ఉన్న నా కత్తిరింపు బల్ల కింద పడుకుని లైనింగ్ ముక్కలు తినడం దాని ఏకైక నేరం. అయినా నాలో ఏదో ఒక మూల బెరుకు ఉండేది, అబద్ధమెందుకు. ఒకసారి మా ఆయన వేసిన మటన్ బొక్కను అది పటుక్కున విరిచిన చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించి ఒళ్ళు జలదరించింది. ఆ దవడలే మరుక్షణం వచ్చి నా ఒళ్ళో ఆనుకున్నాయి. నేను దాని తల నిమిరాను గాని, ఆ చప్పుడు చాలా రోజులు చెవుల్లోంచి పోలేదు.

అట్లాంటి ఇంటికి మా అమ్మాయి తొలికాన్పుకు రావలసి వచ్చింది. అత్తగారిల్లు ఎక్కడో దూరాన కాదు, బల్కంపేటలో. ఆటో ఎక్కి కూర్చునేలోపే వచ్చేస్తుంది. అయినా తొలిచూలు పుట్టింట్లోనే కావాలన్నది రెండు కుటుంబాల పట్టింపు. శ్రీమంతం నాడు మా వియ్యపురాలు నన్ను పక్కగదిలోకి పిలిచింది. మేం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. "మీరేమనుకోకుండ్రి వదినా. కోడలిని పంపుత. కాని గా కుక్క ఉన్న ఇంటికి పంప. గవి మంచిగనే ఉంటయి, ఒక్కనాడు ఎదురుతిరుగుతయి. జాతి గసొంటిది" అంది. ఆమె గొంతులో దబాయింపు లేదు. దబాయించి ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని. ఆమె నిజంగా భయపడుతోంది. ఆ సంగతి విని మా అమ్మాయి, ఏడో నెల కడుపుతో, "చిట్టిని పంపిస్తే నేను సుత రాను" అని కూచుంది. మా ఆయన దుకాణం నుంచి వచ్చి సంగతి విని, "చిట్టి మనకన్న నయం" అనేసి స్నానానికి పోయారు. మగవాళ్ళకు అట్లాంటి సమయాల్లోనే స్నానం గుర్తొస్తుంది. ఇక మిగిలింది నేను. పుట్టబోయే పసిగుడ్డుకు ఏమైనా అయితే జవాబు చెప్పుకోవలసిందీ నేనే, నోరులేని జీవాన్ని గెంటేస్తే అన్నం సయించనిదీ నాకే.

మా వదిన మొదట తిండితో మొదలుపెట్టింది. మాంసం మానేసి పెరుగన్నం పెడితే గుణం చల్లబడుతుందని ఆమె నమ్మకం. సరేనని పెట్టాం. చిట్టి గిన్నె కూడా నాకి, మా ఆయన కంచంలోది కూడా ఆశించింది గాని, చల్లబడిందో లేదో కొలిచే వీలు లేదు. ఆ తర్వాత ఆమె ఒకరోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని దిగింది. "పెండ్లి సంబంధం చూడబోతే పిల్ల తల్లి ఎసొంటిదో అర్సుకోమా వదినా? దీని తల్లిని సుత చూసొద్దాం పాండ్రి. తల్లి సాధువైతే నాకు రంది లేదు." నాకు నవ్వొచ్చింది గాని, లోపల మాత్రం ఆ మాట సబబుగానే తోచింది. మా మరిదికి ఫోన్ చేసి, కుక్కను అమ్మినతని ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను. మధురానగర్‌లో హాస్టళ్ళ వెనక గల్లీ. దారిలో ఆటో ఆపించి వదిన అరటిపళ్ళు కొంది. ఉత్త చేతులతో ఎట్లా పోతామంది. కుక్క సంబంధానికి పళ్ళు తీసుకుపోయినవాళ్ళం హైదరాబాదు మొత్తంలో మేమిద్దరమే అయి ఉంటాం.

అమ్మకందారు మెడలో గొలుసు వేసుకున్న హుషారైన మనిషి. మేం కొనడానికి వచ్చామనుకుని కుర్చీలు వేశాడు. తండ్రి కుక్క బెంగుళూరులో ఉందని ఫోన్లో ఫోటోలు చూపించాడు, దాని తాత గెలిచిన కప్పుల ఫోటోలు కూడా చూపించాడు. మా రెండు కుటుంబాల్లో ఎవరికీ అంత దూరం వంశవృక్షం తెలియదు. "తల్లిని చూస్తం" అంది వదిన. డాబామీదికి తీసుకుపోయాడు. రేకుల కప్పు కింద ఒక ఇనుప బోను. మేం చివరి మెట్టెక్కామో లేదో, లోపలున్నది ఎగిరి ఊచలమీద పడింది. బోను మొత్తం ఊగింది. పళ్ళన్నీ బయటపెట్టి, నురగ కక్కుతూ, మళ్ళీ మళ్ళీ అదే దూకుడు. నేను వదిన కొంగు పట్టుకున్నానని తర్వాత గాని తెలియలేదు. అతను మాత్రం మురిసిపోతున్నాడు. "చూసిండ్రా మేడం, ఏం టెంపర్ ఉన్నదో! దీని పిల్లలకు మస్తు డిమాండ్. ఫికర్ వద్దు, మీకు సుత గిసొంటిదే ఇస్త." మేం ఏ గుణం లేదని చెప్పించుకోవడానికి వచ్చామో, అతను ఆ గుణాన్నే అమ్ముతున్నాడు. అప్పుడు నేను బోనులోకి సరిగ్గా చూశాను. అది తిరగడానికి కూడా చోటు లేదు. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది. ఎన్ని కాన్పులైనాయో, పొదుగు నేలకు వేలాడుతోంది. కళ్ళమీద ఆ రెండు చుక్కలూ అచ్చం చిట్టివే.

మా వదిన చకచకా మెట్లు దిగింది. గల్లీ మొదట్లోకి వచ్చాక ఆగి, "గట్ల పంజరంల పెడితే నేను సుత కరుస్త" అంది. నా ప్రాణం లేచొచ్చింది. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆగింది. "అయినా భయమైతుంది వదినా. తల్లి తల్లే గద." ఆ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకుందామని పంజాగుట్టలో చిట్టికి టీకాలు వేసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆవిడది విజయవాడ వైపు. అంతా విని, "రక్తంలో కొంత వస్తుందమ్మా, కాదనను. పెంపకంలో కొంత, భయంలో కొంత, నొప్పిలో కొంత. ఏది ఎంతో తూకం వేసి చెప్పమంటే మాత్రం నావల్ల కాదు. ఏ జాతిదైనా సరే, పసిపిల్ల దగ్గర కుక్కను ఒంటరిగా వదలకండి. అంతకన్నా హామీ ఎవరూ ఇవ్వలేరండి" అంది. హామీ కోసం వెళ్ళిన ఇద్దరం అరటిపళ్ళు ఆవిడ బల్లమీద పెట్టి వచ్చేశాం.

చివరికి దారి మా వదినే కనిపెట్టింది. కోడలిని పంపుతుంది, కోడలితోపాటు తానూ వచ్చి ఉంటుంది. కాన్పు చేసే ఇంటికి మొగపిల్లవాడి తల్లి మూటాముల్లె సర్దుకుని కాపలాకు రావడం మా చుట్టాల్లో ఎవరూ విని ఎరగరు. వారం రోజులు ఫోన్లలో ఇదే ముచ్చట. మా ఆయన ముందుగదికీ లోపలి గదికీ మధ్య జాలీ తలుపు పెట్టించారు. మనవరాలు పుట్టింది. జాలీకి అటు చిట్టి, ఇటు పాప, మధ్యలో పీట వేసుకుని మా వదిన. పాప ఏడిస్తే చిట్టి జాలీకి ముక్కు ఆనించి కుయ్ కుయ్ అనేది. అది జాలిపడటమో, ఆకలిపడటమో అని మేం ముఖముఖాలు చూసుకునేవాళ్ళం. దుకాణంలో కత్తెర పట్టుకున్నా నా చెవి ఇంటిమీదే ఉండేది. ఫోన్ మోగేది. ఎవరో కస్టమర్ చేతులు పొడుగు కావాలని చెప్పడానికి చేసి ఉండేవారు, నేనేమో హలో అనకుండానే "ఏమైంది?" అనేదాన్ని.

పాప బోర్లాపడే వయసుకొచ్చింది. ఆ మధ్యాహ్నం మా అల్లుడు బిడ్డను చూడడానికి వచ్చాడు. నెమ్మదైన పిల్లవాడు, ఆఫీసు ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ ముందుగదికీ లోపలికీ తిరుగుతున్నాడు. అమ్మాయి స్నానంలో ఉంది. మా వదిన గోడకానుకుని పాపకు విసురుతూ విసురుతూ కునుకులోకి జారింది. నేను దుకాణం నుంచి అన్నానికి వచ్చి గడపలో చెప్పులు విడుస్తున్నాను. జాలీ తలుపు తెరిచే ఉంది. చిట్టి ఎప్పుడు దూరిందో, పాప బొంత పక్కనే పడుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపే పాప దొర్లి, దాని చెవి గుప్పిట్లో పట్టుకుంది. ఆ చెవికి చీముపట్టి అప్పటికే మందు వేస్తున్నాం. చిట్టి గుర్రుమంది. ఆ ఇంట్లో ఏనాడూ వినని గొంతు, పొట్టలోంచి వచ్చింది. మా అల్లుడు ఫోన్ పారేసి ఒక్క దూకున వచ్చాడు. ముఖం నాకు తెలిసిన ముఖం కాదు. మూలనున్న కర్ర లాగి, రెండు చేతులా పైకెత్తాడు.

మా వదిన కుక్క వంక చూడలేదు. పాప వంక కూడా చూడలేదు. కొడుకు చేతుల వంకే చూస్తోంది. అట్లాంటి చూపు నేను ఆమె కళ్ళలో అంతకుముందు చూడలేదు. చిట్టి ఈలోగా చెవి విడిపించుకుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మూలకు పోయి గోడవైపు తిరిగి కూచుంది. "అది చెప్పింది గద బిడ్డా" అంది వదిన. "నొస్తుందని చెప్పింది, లేచి పోయింది. ఇగ కర్ర దించు." అతను కర్రను అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కర్ర జారవిడిచి, బిడ్డను ఎత్తుకుని, ఏడ్చేశాడు.

ఆ సాయంత్రం చిట్టి చెవిలో మందు వేసింది మా వదినే. నేను దాని తల పట్టుకున్నాను. మందు సీసా మూత పెడుతూ ఆమె చెప్పింది: "మా బాపు చెప్పి కొట్టెటోడు కాదు వదినా. నవ్వుకుంట నవ్వుకుంట చెయ్యి లేపెటోడు. మా అమ్మకు ఒక చెవు వినపడకపోయేది. వీడు పుట్టినప్పుడు అందరు, అచ్చం తాత పోలికే అన్నరు. గప్పటి సంది వీని చేతుల దిక్కే చూస్తున్న. బళ్ళె పిలగాండ్లతోని కొట్లాడినా, పెండ్లి పీటలమీద కూసున్నా, మీ బిడ్డ చెయ్యి వాని చేతుల పెట్టినప్పుడు సుత. ఇయ్యాల లేసింది. దిగింది సుత." సంబంధం మాట్లాడుకునేటప్పుడు తన వైపువాళ్ళ ముచ్చట్లు ఎన్నో చెప్పిన మనిషి ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నాకు కోపం రావాలి. రాలేదు. చిట్టి పక్కనే నేల మీద కూచున్నాను. డాబా మీద బోను ముందు నిలబడి ఆమె ఎవరిని తలుచుకుందో, పట్టుచీర కట్టి పళ్ళు పట్టుకుని ఎవరి జాతకం చూపించుకోబోయిందో అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి అల్లుడు ఇంటికి వస్తే నా కళ్ళు కూడా వద్దన్నా అతని చేతుల మీదికే పోయేవి. మా అమ్మాయిని ఏకాంతంగా కూచోబెట్టి, నిన్ను ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని అడిగాను. "నీకు పిచ్చా అమ్మా" అని నవ్వింది. ఆ నవ్వును కూడా అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూశాను.

చిట్టి ఆ తర్వాత కొన్నేళ్ళు బతికి, నడుము పడిపోయి, మా వదిన ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. దాని గుర్రు మళ్ళీ ఎవరూ వినలేదు. అల్లుడి చెయ్యి మళ్ళీ లేవలేదు. పాప ఇప్పుడు ఆ చేతులు పట్టుకునే బడికి పోతోంది. అయినా మేమిద్దరం ఆ కాపలా మానలేదు, ఎందుకని అడిగేవాళ్ళూ లేరు. ఇదంతా రక్తం మంచిదవడం వల్లనా, పెంపకం వల్లనా, లేక ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళార్పకుండా కూచోవడం వల్లనా అని మేమిద్దరం ఇప్పటికీ లెక్క వేసుకుంటూనే ఉంటాం. ఏదైనా జరిగిన రోజును పదిమందీ గుర్తుపెట్టుకుంటారు, కారణాలు వెతుకుతారు; ఏమీ జరగని రోజులు మాత్రం ఎవరి పుణ్యాన అంత క్షేమంగా గడిచాయో చెప్పకుండానే వెళ్ళిపోతాయి.