లేత్ మిషన్ కాలి దగ్గర కొబ్బరికాయ

ముందుగా ద్వారకా తిరుమలలో వెలసిన మా చిన వెంకన్నకు దణ్ణం. ఇనుముకు గట్టిదనాన్నీ, దాన్ని చెక్కే చేతికి ఓర్పునూ ఇచ్చినవాడు ఆయనే. నాకు ఆ రెండోది అందడం కాస్త ఆలస్యమైందంతే. ఆ రోజుల్లో మా మేనమామ తాడేపల్లిగూడెంలో లేత్ మిషన్ నడిపేవారు. ముదినేపల్లి నుంచి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేను, భజనలో తాళం వేసినంత చులాగ్గా ఇనపకడ్డీని చెక్కి షాఫ్టులు తీసేస్తాననుకునేవాణ్ణి. (తాళం కూడా పాటకన్నా ముందే పరిగెడుతోందని భజన గురువుగారు అనేవారు.)

కొల్లేరు వైపు చేపల చెరువులున్న ఒకాయన, మేం చేపల బాబాయి అనేవాళ్ళం, చెరువులో గాలి కొట్టే ఏరేటరుకు షాఫ్టు చేయమన్నారు. తీశాను. బేరింగు కూర్చునే చోట నున్నగా ఉండాల్సిందిపోయి అలలు అలలుగా గీతలు. బేరింగు ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు. రెండోదీ అంతే. బాబాయి దాన్ని వేలితో తడిమి, "అలలు మాకు కొల్లేట్లో చాలానే ఉన్నాయండి, షాఫ్టు మీద కూడా ఎందుకండి" అన్నారు మావయ్యతో, ఎంతో మర్యాదగా. సంగతి నాన్నకు చేరింది. "ఇంకోటి వెనక్కొచ్చిందంటే లేతూ వద్దు గీతూ వద్దు, ఊడుపులకి వచ్చెయ్" అని ఫోను చేశారు. ఆ మిషన్ వదిలి వెళ్ళాలంటే నాకు ప్రాణం పోయినట్టయింది.

ఇనుము చెక్కే టూలు మార్చాను, దాన్ని పొట్టిగా పట్టించాను, వేగం తగ్గించాను, కనిపించిన స్క్రూనల్లా బిగించాను. చివరికి ద్వారకా తిరుమల నడిచి వస్తానని మొక్కుకుని, పాత రాడ్డు ఒకటి చెక్కి చూశాను. ఇంకా ఘోరంగా వచ్చింది. "స్వామికి నీ నడక మీద నమ్మకం లేనట్టుందిరా" అన్నారు మావయ్య.

దిగులుతో టీ గ్లాసుని, నడుస్తున్న మిషన్‌కి అడుగున ఉండే పొడవాటి బెడ్డు మీద పెట్టాను. టీ ఒకటే వణుకు. రెండో చివరకు జరిపితే చాలావరకు ఊరుకుంది. మళ్ళీ ఇటు తెస్తే మళ్ళీ వణుకు. వంగి ఈ పక్క మిషన్ కాలి మీద చెయ్యి వేశాను. కాలు సన్నగా ఎగురుతోంది. అడుగున సిమెంటు పగిలి బోల్టు వదులైంది. పగులు నిండా కొబ్బరిపీచు.

మావయ్య ప్రతి శుక్రవారం కాయ కొట్టేది సరిగ్గా ఆ మూలే. ఏళ్ళ తరబడి, మంచి భక్తితోనూ, మంచి బలంతోనూ.

"మావయ్యా, మీ కొబ్బరికాయ..." అన్నాను.

"ఏం, కుళ్ళిందా?"

"కాయ బాగానే ఉందండి. సిమెంటే..."

ఆయన వంగి, పగుల్లోంచి పీచు లాగి చూశారు. "అయితే ఇన్నాళ్ళూ మిషన్‌ని కొట్టింది నేనంట్రా?"

"మీరు స్వామికే కొట్టారండి. మధ్యలో సిమెంటు అడ్డొచ్చింది."

ఆయన అక్కడే చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. కొత్త సిమెంటు గట్టిపడేదాకా నన్ను మిషన్ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత తీసిన షాఫ్టు మీదకు బేరింగు సాఫీగా వచ్చి కూర్చుంది. బాబాయి తడిమి చూసి, "ఇదండీ, గాలిలేనప్పటి కొల్లేరులా ఉంది" అన్నారు. నాన్న ఊడుపులకి కూలీలను మాట్లాడుకున్నారు.

మొక్కు తీర్చాను. కాళ్ళు బొబ్బలెక్కినా, కొండ దగ్గర కాయ కొట్టేముందు ఆ రాయి కింద బోల్టేమైనా ఉందేమోనని వంగి చూశాను. ఇప్పుడు ఆ మిషన్ నాది. కాయ కొట్టేది మాత్రం బయట రాతి మీదే. శుక్రవారం పొద్దున్న ముందు కాలి బోల్టు తడిమి, ఆ తర్వాతే చేతులు జోడిస్తాను. పాట వెనక పడిపోతున్నా తాళం ఆపని ఆ కుర్రాడు అప్పుడు గుర్తొస్తాడు, కాస్త బెంగగానే. మీరూ నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి: స్వామీ, మా చేతులకు ఓర్పునియ్యి, మా భక్తి బరువు మోసే సిమెంటును చల్లగా చూడు.