ఆదివారం చెల్లని టికెట్టు

ఎనిమిదో తరగతిలో మా లెక్కల అయివారు నా తలమీద స్కేలుతో తట్టి, "నీకు మెదడుండాల్సిన తావులో కూడా కడుపే ఉండాది రా" అన్నాడు. మరుసటి రోజు నుంచి నేను బడికి పోలేదు. కోపమొచ్చి కాదు. అంత బాగా కనిపెట్టేసినాక ఆయన దగ్గర ఇంక దాచుకునేదానికి నాకేమీ మిగల్లేదు.

ఆయన మాట ఎంత నిజమో లోకానికి తెలిసేదానికి మాత్రం పన్నెండేండ్లు పట్టింది. తెలిసింది కూడా యాడనుకున్నారు? బంగారుపాళ్యంలో, నాకు పిల్లనియ్యబోయే మామ ఇంట్లో, అరిటాకు ముందర. నోటి దాకా వచ్చిన పెండ్లిని కడుపునిండా తిని మరీ ఎట్ల ఊడగొట్టుకోబోయినానో చెప్తాను. మీరు అన్నం తింటా చదవొద్దండి. పొలమారితే నాది పూచీ కాదు.

అప్పుడు నేను తిరుపతిలో రేడియోలు రిపేరు చేసే అంగట్లో పనిచేస్తా ఉన్నాను. మా ఊరు ఏర్పేడు. దగ్గరే అయినా రోజూ పొయ్యొచ్చేదానికి కుదరక అంగడి పైన మిద్దెగదిలో ఉండేవాణ్ణి. వంటంటే నాకు నీళ్ళు కాగబెట్టడం వరకే తెలుసు. అవి కూడా ఒకసారి మాడబెట్టినాను. అందుకని ఆరేండ్లుగా రెండు పూటలా బస్టాండు వెనక సందులో ఉన్న మెస్సే నాకు అమ్మ, అక్క, అత్తగారిల్లు.

ఆ మెస్సు గురించి కొంచెం చెప్పాల. తప్పంతా దాని మీదికి తొయ్యాలంటే ముందు దాన్ని మీకు పరిచయం చెయ్యాల కదా. నెల మొదట్లో మాకొక టికెట్ల పుస్తకం ఇచ్చేవాళ్ళు. తిన్నాక గులాబీ రంగు చీటీ ఒకటి చించి, గడప దగ్గర కూర్చున్న ఓనరు చేతిలో పెట్టి పోవాల. నెయ్యి వేస్తే ఎక్స్‌ట్రా. రెండో గరిటె పెరుగు ఎక్స్‌ట్రా. ఎవరి ఆకు వాళ్ళే మడిచి, పెరటి వాకిలి పక్కనుండే గంపలో వెయ్యాల. ఈ సంగతి గోడమీద ఎర్ర అక్షరాలతో రాసిపెట్టినారు.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. కొండకు వచ్చినోళ్ళు సగం మంది అక్కడికే తిండికొచ్చేవాళ్ళు. మీరు కూర్చున్న కుర్చీ వెనక ఎప్పుడూ ఒక మనిషి కాసుకోని నిలబడుంటాడు. మీరు సాంబారు కలిపేటప్పుడు వాని ఊపిరి మీ మెడకు తగులుతుంది. రసం దగ్గరికొచ్చేసరికి వాని చెయ్యి మీ కుర్చీ మీదికొస్తుంది. మజ్జిగకు మీ భుజం మీదికే వస్తుంది. ఆరేండ్లు అట్ల తిన్నోడు మనిషిగా మిగలడు, స్విచ్చేస్తే తిరిగే ఫ్యానయిపోతాడు. వెనక ఎవరో నిలబడినట్టుంటే చాలు, చెయ్యి దానంతటదే జోరందుకుంటుంది. అయినా ఆ రసం మాత్రం, ఏం చెప్పేది, ఆ రసం కోసం ఎవడి చెయ్యి భుజం మీద పడినా ఓర్చుకోవచ్చు.

ఇంక పెండ్లి సంగతి. బంగారుపాళ్యంలో మునిరత్నం అని మామిడితోట ఆయన. ఆయన కూతురు సుగుణ. పెండ్లిచూపులప్పుడు మావాళ్ళు, 'పిల్లా, ఏమన్నా అడిగేదుంటే అడుగు' అంటే ఆ పిల్ల తల వంచుకోనే అడిగింది. "మా అవ్వ మాట్లాడేటప్పుడు మా రేడియో వినపడదు. దానికేమన్నా రిపేరుండాదా?" అవ్వ కూడా ఆడనే కూర్చోనుండాది. తన మనవరాలి మాటకు ఆమే అందరికంటే ముందు నవ్వింది. ఆ నిమిషంలోనే నేను పడిపోయినాను. అప్పటినుంచి తిరుపతిలో ఏ రేడియో విప్పినా లోపల ఆ పిల్ల గొంతే.

మునిరత్నానికి ఒకే ఒక పట్టింపు. "హోటలు కూడు మరిగినోడు ఇల్లు పట్టడబ్బా. వానికి పెండ్లాం కూడా ఒక సర్వరే" అనేవాడంట. ఈ మాట ముందుగానే మా నాయన చెవిలో పడింది. మా నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు, కానీ కొడుకు పెండ్లి కోసం ఒకటి చెప్పినా దేవుడు లెక్కలో వేసుకోడని, "మావోడు గదిలో వంట తనే చేసుకుంటాడు" అనేసినాడు. అంతటితో ఆగినాడా? రసం బెమ్మాండంగా పెడతాడని కూడా చెప్పినాడు.

తాంబూలాలు మార్చుకునే రోజు ఆదివారం పెట్టుకున్నారు. ముందు భోజనం, పొద్దువాలే యాలకు తాంబూలం. మావైపు తాంబూలం చేతులు మారేదాకా ఏ మాటకూ గ్యారంటీ లేదు. రేడియో దుకాణంలో కూడా అంతే, రసీదు చేతికొచ్చేదాకా పెట్టె మనది కాదు.

బస్సులో కూర్చున్నప్పటి నుంచి నాయన నాకు పాఠం చెప్తానే ఉన్నాడు. మెస్సు అనే మాట నోట్లోనుంచి రాకూడదు. తిండి దగ్గర ఆత్రపడకూడదు. ఎవరేమడిగినా ముందు నవ్వాల, తర్వాత మాట్లాడాల. నేను అన్నిటికీ తల ఊపినాను. తల ఊపేదానికి మెదడుతో పనిలేదు కదా.

మామ ఇంట్లో నడవలో చాపలు పరిచినారు. మునిరత్నం మామ, మా నాయన, నేను, వరసగా కూర్చున్నాం. ఆకులేసినారు. అబ్బా, ఆ ఆకు! మామిడికాయ పప్పు, ఉర్లగడ్డ తాళింపు, వంకాయ పులుసు, అలసంద వడలు, రోట్లో రుబ్బిన ఊరిబిండి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఓళిగలు, అదే మీ బొబ్బట్లు. ఆరేండ్లుగా ఒకే స్టేషను పట్టే రేడియోకు ఒక్కసారిగా లోకంలోని స్టేషన్లన్నీ పట్టినట్టయింది నా పరిస్థితి.

మొదటి తప్పు నేతి దగ్గర జరిగింది. సుగుణ వాళ్ళమ్మ ఓళిగ మీద నెయ్యి వంచబోతే, నా ఎడమచెయ్యి టక్కున ఆకు మీద అడ్డంపడింది. "ఎక్స్‌ట్రానా?" అని అడిగేసినాను.

ఆమె గిన్నె పట్టుకోని అట్లనే నిలబడిపోయింది. నాయన దగ్గినాడు. "అంటే... ఎక్కువైతాదేమోనని మావోని బాధ. నెయ్యి పారబొయ్యడం వానికి నచ్చదు" అని సర్దినాడు. మామ తల ఊపినాడు. పొదుపరి అల్లుడనుకున్నాడేమో. నేను తప్పించుకున్నాననుకున్నాను. కుందేలు కూడా ఒక పొదలోనుంచి తప్పించుకున్నాక అట్లనే అనుకుంటాదంట.

సరిగ్గా అప్పుడు అవ్వ విసనకర్ర తీసుకోని వచ్చి నా వెనకాల నిలబడింది. కొత్త అల్లునికి చెమట పట్టకూడదని ఆమె ప్రేమ. ఆ గాలి, దాంతోబాటు ఆమె ఊపిరి, రెండూ నా మెడకు తగిలినాయి.

అంతే. ఫ్యాను స్విచ్చి పడింది.

ఆ తర్వాత జరిగిందానికి నేను బాధ్యుణ్ణి కాను, నా చెయ్యి బాధ్యురాలు. పప్పు అన్నం నాలుగు ముద్దలు, పులుసు మూడు, రసం రెండు. వడలు ఎప్పుడు పోయినాయో వడలకే తెలీదు. అవ్వకు చెయ్యి నొప్పి పుట్టి నా భుజం మీద ఆనుకునింది. భుజం మీద చెయ్యి పడిందంటే మజ్జిగ తాగి లేవాల్సిందే, అది మా మెస్సు ధర్మం. గడగడా తాగి, ఆకు మడిచి, చేత పట్టుకోని లేచినాను. అప్పటికి మునిరత్నం మామ ఇంకా పప్పులోనే ఉండాడు. మా నాయన రెండో ఓళిగ తుంచుతా ఉండాడు.

బంతిలో పెద్దోళ్ళు తింటాండగా లేవడమే తప్పు. ఇంక పిలిచిన ఇంట్లో తన ఎంగిలాకు తానే ఎత్తడమంటే, పెట్టినోళ్ళ పుణ్యం మూటగట్టి తీసకపోయినట్టు. అవ్వ "నాయనా, నాయనా" అని వెనకాల వస్తానే ఉండాది. నాకేమో అది నా కుర్చీలో కూర్చునేదానికి పోయే మనిషి తొందరలాగ వినపడింది. నేరుగా పెరటి వాకిలి దగ్గరికి పోయినాను. వాకిలి పక్కన గంప ఉంది. ఉండాల్సిన చోటే ఉంది కదా అని ఆకు అందులో పడేసినాను.

అది మా నాయనకిచ్చి పంపాలని మునిరత్నం మామ స్వయంగా చెట్టెక్కి కోసి, గడ్డి కప్పి పెట్టిన బేనీషా మామిడిపండ్ల గంప.

తొట్టి దగ్గర చెయ్యి కడుక్కోని ఇంట్లోకి వచ్చేసరికి నన్ను పట్టుకోలేక అలసిపోయిన అవ్వ గడప మీద కూర్చోనుండాది, పక్కన తాంబూలం తట్ట. గడప మీద మనిషి కూర్చోనుంటే ఏం చెయ్యాల్నో నా చేతికి బాగా తెలుసు. జేబులోనుంచి పుస్తకం తీసి, గులాబీ చీటీ చించి, ఆమె చేతిలో పెట్టి, ఆరేండ్లుగా రోజూ చెప్పే మాటే చెప్పినాను. "రసం బాగుండె. వంకాయ మాత్రం రేపన్నా మార్చండి."

పెరట్లో కోడి కూడా గింజ నోట్లో పెట్టుకోని ఆగిపోయింది, నమ్మితే నమ్మండి.

మామ ఎంగిలిచేత్తోనే లేచొచ్చి, ఎడమచేత్తో ఆ చీటీ తీసుకోని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటా గట్టిగా చదివినాడు. "ఒక పూట భోజనం. ఆదివారం స్పెషలుకు చెల్లదు."

తర్వాత మా నాయన వైపు తిరిగినాడు. "వంట తనే చేసుకుంటాడంటివే బావా."

నాయన నోట్లో ఓళిగ ఉంది. దాన్ని మింగాల్నా నమలాల్నా తెలీక ఇంటి దూలాన్ని చూస్తా కూర్చున్నాడు. ఆ దూలం మీద జవాబు రాసుంటే బాగుండునని నేనూ చూసినాను. ఏమీ లేదు.

నాకప్పుడు తెలివొచ్చింది. వచ్చి ఏం లాభం, రైలు పోయినాక వచ్చిన జట్కాబండి లాగ. పెండ్లి పోయింది. సుగుణ పోయింది. ఆ ఓళిగలు ఇంక ఈ జన్మకు లేవు. మళ్ళా నేను, నా గులాబీ పుస్తకం, నా మెడమీద ముక్కూ మొకం తెలీని మనిషి ఊపిరి.

అవ్వ చీటీని మామ చేతిలోనుంచి లాక్కోని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ పొద్దు ఏం వారం రా మునిరత్నం?"

"ఆదివారం."

"అయితే ఇది చెల్లదు కదప్పా," అంది నాతో. ముసిముసిగా కూడా నవ్వలేదు, అచ్చం మా మెస్సు ఓనరే.

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు. ఆ వెనకే నవ్వు. ఆపుకోను చూసి, ఆగక, తన్నుకోనొచ్చిన నవ్వు. అది సుగుణదని నాకు చెప్పనక్కర్లేదు. వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నవ్వనిది ఇంట్లో ముగ్గురమే, మామ, నాయన, నేను.

"ఎన్నేండ్లుగా తింటాండావు ఆడ?" అన్నాడు మామ.

"ఆరేండ్లు మామా."

"మా ఇంట్లో కూడు ఎట్లుండె?"

నాయన నేర్పించినవన్నీ మర్చిపోయినాను. నిజమే వచ్చింది. "తెలీదు మామా. వెనక ఎవరో కాసుకోని ఉండారనుకోని తినేసినాను. ఆరేండ్లుగా అట్లనే తింటాండాను. ఒక్కసారి నా వెనక ఎవరూ నిలబడకుండా తినాలని ఉండాది."

మామ తొట్టి దగ్గరికి పోయి ఎంగిలిచెయ్యి కడుక్కోనొచ్చినాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఇంకో ఆకెయ్యండి," అన్నాడు. "అమ్మా, నువ్వు ఆ విసనకర్ర అవతల పెట్టి దూరంగా పో."

నమ్మండి, ఆ పూట నేను రెండోసారి మొదటి నుంచి చివర దాకా తిన్నాను. ఈసారి మామ నా పక్కనే కూర్చోని, నేను ముద్ద మింగేదాకా ఇంకో ముద్ద కలపనీలేదు. వంకాయ పులుసు మూడుసార్లు వేయించినాడు, నామీద కసి కొంచెం అట్ల తీర్చుకున్నాడనుకుంటా. చివర్లో మజ్జిగ చెంబుతో సుగుణ వచ్చింది. గ్లాసులో పోస్తా, నాకొక్కనికే వినపడేటట్టు, "ఇది ఎక్స్‌ట్రా కాదులే" అనేసి పోయింది.

పొద్దువాలింది, తాంబూలాలు మారినాయి. మామిడిపండ్ల గంప మార్చి ఇస్తామంటే మా నాయన ఒప్పుకోలేదు. నా కొడుకు ఎంగిలే కదా అని అదే గంప నెత్తిన పెట్టుకోని బస్సెక్కినాడు. దోవ పొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పండ్లు మాత్రం ఒక్కొక్కటే తింటానే ఉన్నాడు.

పెండ్లయిన మూడో నెలలో మామ, అవ్వ తిరుపతికొచ్చినారు. సుగుణ ఇంట్లో వంట చేస్తానంటే అవ్వ వద్దనింది. "వాని మెస్సు చూడాల. చూసేదాకా నాకు కొండ మీద దేవుడు కూడా కనపడడు" అని పట్టుబట్టింది. నలుగురం పోయినాం. హోటలు కూడంటే మండిపడే మామ రసం మూడుసార్లు అడిగి పోయించుకోని, ఆకులో మిగిలింది వేలితో తుడిచి తిన్నాడు. ఆయన వెనక నిలబడిన మనిషికి చోటియ్యకుండా, "కాసుకోప్పా, రసం ఉండాది" అని చెప్పినాడు కూడా.

బయటికొచ్చేటప్పుడు అవ్వ గడప దగ్గర ఆగింది. వక్కాకు సంచి విప్పి, నాలుగు మడతలు పడి మాసిపోయిన గులాబీ చీటీ తీసి ఓనరు చేతిలో పెట్టింది. ఆయన తిప్పి చూసి, ఇది చానా పాతదవ్వా అన్నాడు.

"నేను మాత్రం కొత్తదాన్నా?" అంది అవ్వ. "చూసుకోప్పా, ఈ పొద్దు బుధవారం. చెల్లుతాది."

చెల్లింది.

ఇంత అయినాక మనిషన్నోడు బుద్ధి తెచ్చుకోవాల కదా. అందుకని మొన్న ఇదంతా రాసి, చివర్లో కొండవైపు తిరిగి చెయ్యెత్తి ఒట్టు పెట్టినాను. ఎవరింట్లో ఆకు ముందర కూర్చున్నా సరే, వెనక ఏనుగొచ్చి నిలబడినా సరే, ఈ జన్మలో నా ఎంగిలాకు నా చేత్తో ఎత్తనుగాక ఎత్తనని. ఆ ఒట్టు సుగుణకు గట్టిగా చదివి వినిపించినాను.

ఆమె బియ్యం ఏరతా, తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ పొద్దు వంటింటి కిటికీలోనుంచి చూసినా. మా ఇంట్లో తన ఆకు తానే ఎత్తిన మగోణ్ణి అదే మొదటిసారి చూడటం. దానికే నిన్ను ఒప్పుకుంటి. ఇంక ఒట్టెందుకులే, ఆ ఒక్క ఆకు తర్వాత మనింట్లో నువ్వు ఇంకొకటి ఎత్తిందెప్పుడు?"